ఉల్లిపాయ: యాభై రెండు నిమిషాలు

"లిఫ్టు ఎప్పుడు తిరుగుతుంది?"

లిఫ్టు గోతిలోకి నడుం దాకా వంగి పనిచేస్తున్న నాకు ఆ ప్రశ్న వీపు మీద చరిచినట్టు తగిలింది.

"ఇంకో రెండు గంటలండీ. బోర్డు పెట్టాం కదా, చూడలేదా?"

"బోర్డు చూడాలంటే నా పేషెంట్లకి కళ్ళు కనబడాలి కదండీ!"

వెనక్కి తిరిగాను. తెల్లకోటు వేసుకున్న అమ్మాయి, చేతిలో పెన్నంత టార్చిలైటు. ఆమె వెనక కళ్ళ ఆస్పత్రి బెంచీల మీద పదకొండుమంది పెద్దవాళ్ళు. అందరూ కళ్ళు చికిలించి, నేనెక్కడున్నానో తెలియక, నాకు కాస్త ఎడంగా ఉన్న గోడని కోపంగా చూస్తున్నారు.

"అందరికీ కళ్ళలో చుక్కలు వేశాను. మూడు గంటలదాకా ఎదురుగా ఏనుగు నిలబడ్డా మసగ్గానే ఉంటుంది. ఇది ఐదో అంతస్తు. వీళ్ళని మీరు దింపుతారా?"

"దింపుతానండీ" అన్నాను.

ఇక్కడ నా జబ్బు సంగతి చెప్పాలి. ఇరవై అంతస్తుల గోతి అంచున నిలబడినా నాకు చెమట పట్టదు. తొమ్మిదేళ్ళుగా అదే పని. కానీ ఎవరైనా సూటిగా కళ్ళలోకి చూసి ఏదైనా అడిగితే మాత్రం గుండె గొంతులోకొచ్చి కూర్చుంటుంది. ఆ కంగారులో నోట్లోంచి ముందు "అవును" ఊడిపడుతుంది. బుర్ర తర్వాత తాపీగా వస్తుంది.

దింపాను. ఒక్కొక్కరినీ చెయ్యి పట్టుకుని, మెట్టు మెట్టుకీ "మెట్టు" అంటూ, పదకొండుసార్లు ఐదంతస్తులు. ఏడో ఆయన తన మోకాళ్ళ చరిత్ర మొత్తం చెప్పారు. ఆఖరి అవ్వ కిందికి దిగాక నా బుగ్గ నిమిరి, "ముఖం కనబడలేదు గానీ మంచివాడివే నాయనా" అంది.

పైకి వచ్చేసరికి నా కాళ్ళు నావి కావు. ఆ అమ్మాయి మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని మెట్ల దగ్గర నిలబడి ఉంది.

"నిజంగానే దింపేశారే! నేను వెటకారంగా అన్నాను."

"నాకు వెటకారం కాస్త లేటుగా అర్థమవుతుందండీ."

ఆమె నవ్వింది. ముందు కళ్ళు, తర్వాత బుగ్గలు, ఆ తర్వాతే పెదాలు. ఇంత వరసగా నవ్వే మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

ఆ రోజునుంచి నేను ఆమెకి "లిఫ్టు". ఆమె నాకు "చుక్కలు".

నాలుగు నెలలు గడిచేసరికి ఆ బిల్డింగు లిఫ్టుకి అక్కర్లేని సర్వీసింగులు కూడా జరిగిపోయాయి. పనిలో నా జోడీ ఒకడున్నాడు. ఆరడుగుల పైన ఉంటాడు కాబట్టి అందరికీ వాడు పొడుగే. "ఒంట్లో బాగాలేనిది ఆ లిఫ్టుకా, నీకా?" అని అడిగాడు. సమాధానం వాడికి తెలుసు.

ఒక సాయంత్రం ఆస్పత్రి గేటు దగ్గర వాన పట్టుకుంది. ఒకటే గొడుగు. గొడుగు ఆమెది కాబట్టి నా కుడి భుజం తడవడం న్యాయమే.

"లిఫ్టూ, నీకో నిజం చెప్పాలి. విన్నాక వెళ్ళిపోతే వెళ్ళిపో."

నా గుండెల్లో రాయి పడింది.

"నాకు వంట రాదు."

"అంతేనా!"

"అంతేనా ఏంటి? టీ కూడా రాదు. ఈ మాట చెప్పడానికి నాలుగు నెలలు పట్టింది నాకు. మా ఇంట్లో వంట నాన్నది. హాస్టల్లో మూడొందలమందికి వండే మనిషి. ఇంటి వంటింట్లోకి కూడా ఎవర్నీ అడుగు పెట్టనివ్వరు. అమ్మ స్టౌ వెలిగించి ఇరవై ఆరేళ్ళయింది." గొడుగు కొంచెం నా వైపు వంచింది. "ఆదివారం ఇంటికి రా. నాన్న చూడాలన్నారు."

ఆదివారం వెళ్ళాను. వాళ్ళమ్మగారు బ్యాంకులో పనిచేస్తారు. గలగలా మాట్లాడతారు. వాళ్ళ నాన్నగారు ఆవిడ వాటా మౌనం కూడా తనే మోస్తున్నట్టు కూర్చున్నారు. మోచేతుల దాకా పాత నూనె మచ్చలు. నా జీతం అడగలేదు, మా వాళ్ళ గురించి అడగలేదు. కాఫీ తాగడం అయ్యాక ఒకే ఒక్క ప్రశ్న.

"వంట వచ్చా?"

చుక్కలు నా వైపు చూసింది. ఆ చూపులో ఎంత ఆశ ఉందంటే, పరీక్ష ఫలితాల కాగితం విప్పేముందు చూసినట్టు చూసింది.

"వచ్చండీ" అన్నాను.

బుర్ర తాపీగా వచ్చి, "ఒరేయ్, నువ్వు రెండుపూటలా క్యాంటీన్లో తింటావు" అని గుర్తుచేసింది. అప్పటికే ఆమె ముఖం వెలిగిపోయింది. ఇక ఆ వెలుగుని ఎవరు ఆర్పుతారు?

"మంచిది" అన్నారాయన. "మా అమ్మాయి డ్యూటీ దిగి వచ్చేసరికి ఎనిమిది దాటుతుంది. ఇన్నేళ్ళుగా అది వచ్చేసరికి ఇంట్లో వేడిగా ఏదో ఒకటి ఉంటోంది. అది ఆగిపోకూడదు, అంతే నా బాధ. వచ్చే నెల మొదటి ఆదివారం నువ్వే వండు. ఇక్కడే. అన్నం, గుడ్ల కూర, బంగాళాదుంపలు. గొప్పలేం వద్దు. తిన్నాక ముహూర్తం సంగతి మాట్లాడుకుందాం."

గుమ్మం దాటేటప్పుడు చుక్కలు నా చెవిలో, "నీకు వంట వచ్చని నాకెందుకు చెప్పలేదు దొంగా?" అంది.

నాలుగు వారాలు! ఆ రాత్రి పడుకోకముందే ఫోన్లో "వంట నేర్చుకోవడం ఎలా, మొదటినుంచి" అని వెతికాను. "మొదటినుంచి" అన్నది మళ్ళీ విడిగా టైపు చేశాను, ఫోనుకి సరిగ్గా అర్థం కాలేదేమోనని.

మొదట దొరికిన కుర్రాడు నలభై సెకన్లలో అన్నీ నేర్పేస్తాడట. ఉల్లిపాయ చేతిలో పట్టుకుని చిటికె వేస్తాడు, ముక్కలైపోతుంది. ఇంకో చిటికె, బంగారు రంగులో వేగిపోతుంది. మర్నాడు ఒక చిన్న గ్యాస్ స్టౌ, ఒక మూకుడు కొన్నాను. గదిలో కూర్చుని నేనూ చిటికెలు వేశాను. వేలు కోసుకోవడం తప్ప ఏమీ జరగలేదు.

రెండో ఆవిడ వీడియో అరగంట. గరిట ఎక్కడ కొన్నారో చెప్పారు, దాన్ని తోడికోడలు ఎలా కాజేసిందో చెప్పారు. పద్దెనిమిదో నిమిషానికి ఆ తోడికోడలి మీద నాకూ ఒళ్ళు మండింది గానీ, స్టౌ మాత్రం ఇంకా వెలగలేదు.

మూడోది రాతల్లో ఉంది. "ఉప్పు: తగినంత. నీళ్ళు: తగినన్ని. మంట: తగుమాత్రం." చదువుతుంటేనే అరచేతులు చెమర్చాయి. నా పనిలో ప్రతి బోల్టుకీ ఎంత బిగించాలో ఒక అంకె ఉంటుంది. "తగినంత బిగించు" అంటే మనుషులు పోతారు.

నాలుగోది ఒక యాప్. అందులో కారెట్ డాన్సు చేస్తుంది. నేను గుడ్డు పగలగొట్టకముందే "శభాష్, గుడ్డు వీరా!" అని చప్పట్లు కొట్టింది. ఆ పొగడ్తకి సిగ్గేసి తీసేశాను.

వారం గడిచిపోయింది. నేర్చుకున్నది స్టౌ వెలిగించడం, ఆర్పడం.

"అయితే నిజం చెప్పెయ్" అన్నాడు పొడుగు. అప్పుడు మేం ఒక షాపింగు బిల్డింగులో మెషిన్ రూములో ఉన్నాం.

"చెబితే?"

"తిడుతుంది."

"తిట్టి?"

"ఆ తర్వాత నాకెలా తెలుసు? నాకింకా పెళ్ళి కాలేదు." వాడు చేతిలో పానా కింద పెట్టి, "మా అమ్మ పొద్దున్నే ఒక చానెల్ పెట్టుకుంటుంది. నత్త వంటిల్లు అని. వంట నేర్చుకోవడానికి కాదు, ప్రాణం కుదుటపడుతుందట. చూడు" అన్నాడు. ఆ పేరుకి వాడికే నవ్వొచ్చింది. "అత్తమ్మ కన్నా ముందు నత్తమ్మ దొరుకుతుంది నీకు."

చూశాను. మొదటి వీడియో పేరు "ఉల్లిపాయ: యాభై రెండు నిమిషాలు."

ఒక పెద్దావిడ. ముప్పై ఏళ్ళు సరుకుల ఓడల్లో వంట చేశారట. కెమెరా ఒక్కటే, ఎక్కడా కత్తిరింపు లేదు. ఉల్లిపాయ వేగడానికి ఎంతసేపు పడితే అంతసేపు వీడియో నడుస్తుంది. ఆవిడ ఒక మాట చెబుతారు. "మంట తగ్గించు" అని ఆగుతారు. మనం తగ్గించేదాకా ఆగినట్టే ఆగుతారు. ఆ తర్వాత పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని ఊలు అల్లుకుంటూ, "ఇంకా తెల్లగానే ఉంది. తొందరేం లేదు. కలుపు బాబూ, ఆగకు" అంటారు. కొంచెం సేపయ్యాక కళ్ళెత్తకుండానే, "వీడియో ముందుకి జరపకు. జరుపుతావని నాకు తెలుసు" అని కసురుతారు.

వీడియో కింద జనం హాజరు వేసుకుంటారు. "పదో నిమిషం, కళ్ళు మండుతున్నాయి." "ఇరవయ్యో నిమిషం, మా పిల్లిని కూడా కలపమన్నాను." నేనూ రాశాను: "ఇక్కడే ఉన్నా."

నాకెందుకు నచ్చిందంటే, మా పనీ అంతే. నేను మెషిన్లో చెయ్యి పెడతాను, పొడుగు స్విచ్చి దగ్గర నిలబడతాడు. వాడు "ఆపాను" అనాలి, నేను "ఆపావు" అనాలి, అప్పుడే వేలు కదలాలి. మనకి ఏం కనబడుతోంది, ఏం అనిపిస్తోంది అన్నది లెక్కలోకి రాదు. అవతలి గొంతు చెప్పాలి. చెప్పకపోతే కదలకూడదు. తొమ్మిదేళ్ళుగా నా పది వేళ్ళూ ఉన్నాయంటే ఆ నియమం వల్లే.

"మంట తగ్గించు."

"తగ్గించానండీ" అని పైకే చెప్పేవాణ్ణి. ఒంటరి గదిలో, ఫోనుతో.

ఆ తర్వాతి మూడు వారాలూ భయం భయంగానే ఎంత బాగున్నాయో! నీళ్ళు మరిగే ముందు గిన్నె అడుగున చిన్న చిన్న బుడగలు వరసకడతాయని నాకప్పటిదాకా తెలియదు. బంగాళాదుంప తొక్క తెగకుండా ఒకే పోగుగా వచ్చిన రోజు దాన్ని కిటికీకి వేలాడదీశాను. ఒక పొద్దున ఉడికించిన గుడ్డు పెంకు ఒలిస్తే, ఒక్క గాటు లేకుండా, నున్నగా, మెరుస్తూ బయటికొచ్చింది. ఫోటో తీశాను. చుక్కలకి పంపబోయి, వేలు మీట మీద పెట్టి, ఆగిపోయాను.

వంట వచ్చినవాడు ఉడికించిన గుడ్డు ఫోటో పంపుతాడా?

నా జీవితంలో మొదటి మంచి గుడ్డు. చూపించుకోవాల్సిన ఒకే ఒక్క మనిషికి చూపించలేకపోయాను. దాన్ని ఒక్కణ్ణే కూర్చుని తిన్నాను.

ఈలోగా అబద్ధం తన పాటికి తను పిల్లల్ని పెడుతోంది.

"వేలికి ఆ పట్టీ ఏంటి?"

"లిఫ్టు తలుపు."

"నీ చొక్కా ఉల్లిపాయ వాసనేస్తోంది, లిఫ్టూ."

"క్యాంటీన్ పక్కనే పని."

ఒక ఆదివారం మధ్యాహ్నం వంట మధ్యలో ఆమె ఫోన్ చేసింది. ఆ రోజు వీడియో పొడుగు దగ్గర అరువు తెచ్చుకున్న పాత ట్యాబులో నడుస్తోంది. కంగారులో దాన్ని ఆపడం మరిచిపోయాను.

"ఏం చేస్తున్నావ్?"

వెనకనుంచి నత్తమ్మ, "కలుపు బాబూ, ఆగకు" అంది.

"ఎవరావిడ?"

"పక్కింటి... పిన్నిగారు."

"నీ గదిలో ఏం కలపమంటోంది?"

"సున్నం. గోడకి సున్నం వేస్తున్నాం."

"ఆదివారం పూట పక్కింటి పిన్నిగారు నీ గోడకి సున్నం వేయిస్తోందా?"

"చాలా మంచావిడ" అన్నాను. ముచ్చెమటలు పోశాయి.

"ఈసారి నాకు పరిచయం చెయ్యి" అని పెట్టేసింది. ఆ గొంతులో అనుమానం ఉందో, నవ్వు ఉందో తెలియక ఆ రోజంతా కుడితిలో పడ్డ ఎలుకలా గిలగిల్లాడాను.

ఆ ఆదివారం రానే వచ్చింది.

వాళ్ళ వంటింట్లో అడుగు పెట్టాను. నా గదిలో స్టౌ అరచెయ్యంత. ఇక్కడ వాళ్ళ నాన్నగారు హాస్టల్లోంచి తెచ్చి బిగించుకున్న బర్నరు, మూడు వరసల మంట. అగ్గిపుల్ల చూపించగానే బుస్సుమని లేచింది.

ఆయన హాల్లో పేపరు పట్టుకుని కూర్చున్నారు. పేజీ తిప్పిన చప్పుడు ఒక్కసారి కూడా రాలేదు. అమ్మగారు కంచాలు తుడుస్తున్నారు. చుక్కలు వంటింటి గుమ్మం బయట పీట వేసుకుని, గడ్డం కింద రెండు చేతులూ పెట్టుకుని, సినిమా చూస్తున్నట్టు నన్ను చూస్తోంది.

"నువ్వలా చూస్తే నాకు చెయ్యాడదు."

"సరే, అటు తిరుగుతా. వాసన మాత్రం చూస్తా."

ఆమె అటు తిరగగానే ఎడమ చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాను. ఫోన్ జేబులో. అన్నం అయింది. బంగాళాదుంపలు అయ్యాయి. చెవిలో నత్తమ్మ ఉప్పు చూసి "సరిపోయింది" అంది. హమ్మయ్య అనుకున్నాను. ఇక గుడ్ల కూర. ఉల్లిపాయలు వేశాను.

"ఇక కూర్చుందాం" అంది నత్తమ్మ. "పన్నెండు నిమిషాలు. కలుపుతూనే ఉండు."

మూడో నిమిషానికి ఉల్లిపాయలు బంగారు రంగుకి వచ్చాయి. నాలుగో నిమిషానికి ఇటుక రంగు.

"ఇంకా తెల్లగానే ఉంది చూడు" అంది నత్తమ్మ ప్రశాంతంగా. "తొందరపడకు."

నాకు కనబడుతోంది. ముక్కుకి తెలుస్తోంది. కానీ అవతలి గొంతు ఇంకా చెప్పలేదు. చెప్పకుండా చెయ్యి కదిలితే వేళ్ళు పోతాయని తొమ్మిదేళ్ళు ఒంట్లోకి ఎక్కించుకున్న నియమం. కలుపుతూ నిలబడ్డాను. పొగ లేచింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కలుపుతూనే ఉన్నాను.

"మాడిపోతోంది! లిఫ్టూ, మాడిపోతోంది!" చుక్కలు పరిగెత్తుకొచ్చింది.

"ఇంకా ఏడు నిమిషాలుంది" అన్నాను.

ఆమె నన్ను, మూకుణ్ణి, నా చెవిని వరసగా చూసింది. ఇయర్‌ఫోన్ లాగి తన చెవి దగ్గర పెట్టుకుంది. ఆమె ముఖంలో మార్పులన్నీ నాకు కనబడ్డాయి.

"పక్కింటి పిన్నిగారు!"

"చుక్కలూ..."

"కలుపు బాబూ, ఆగకు అంటోంది. ఇదే గొంతు. ఇది వీడియోనా?"

వాళ్ళ నాన్నగారు వచ్చి స్టౌ ఆర్పారు. కిటికీ తీశారు. బయట సన్నగా వాన మొదలైంది. అందరూ నా వైపే చూస్తున్నారు. ఈసారి నోటికి ముందు బుర్రే వచ్చింది, ఎలాగో మరి.

"నాకు వంట రాదండీ. మీరడిగిన రోజున స్టౌ వెలిగించడం కూడా రాదు. ఈ నాలుగు వారాల్లో ఆ వీడియోలు చూసి నేర్చుకున్నాను. అంటే, నేర్చుకున్నాననుకున్నాను."

ఆయన చెంచాతో ఒక బంగాళాదుంప ముక్క తీసి నోట్లో వేసుకున్నారు. కళ్ళు గట్టిగా మూసుకున్నారు.

"దీనికి ఉప్పు ఎవరు చూశారు?"

"ఆవిడే చూశారండీ."

"ఎవరు?"

"ఫోన్లో. ఆవిడ రుచి చూసి సరిపోయిందన్నారు."

"ఆవిడ చూసింది ఆవిడ దుంపలు కదయ్యా!"

నాలుగు వారాలు. ఇన్ని రోజుల్లో ఒక్కసారి కూడా పొయ్యి మీద ఉండగా నా వంట నేను రుచి చూడలేదు. తినేటప్పుడు అప్పుడప్పుడూ ఉప్పగా అనిపించేది. ఆవిడ సరిపోయిందన్నాక, నా నాలుకదే తప్పనుకున్నాను.

ఈ మాట కూడా పైకి చెప్పేశాను.

ఆయన భుజాలు కదలడం మొదలైంది. ముందు దగ్గనుకున్నాను. అమ్మగారు కంచం వదిలేసి వచ్చి, "ఏమండీ, నవ్వుతున్నారా?" అని ఆశ్చర్యంగా అడిగారు. ఆయన చెంచా పట్టుకుని, గోడకి ఆనుకుని, కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నారు.

చుక్కలు మాత్రం నవ్వలేదు. వరండాలోకి వెళ్ళిపోయింది.

వెళ్ళాను. రెయిలింగు మీద చెయ్యి పెట్టి వాన చూస్తోంది. కాస్త దూరంలో నిలబడ్డాను. ఇంత భయం నాకు ఏ గోతి అంచునా వెయ్యలేదు.

"నాకు వంట రాదని చెప్పడానికి నేనెంత భయపడ్డానో నీకు తెలుసు" అంది ఇటు తిరక్కుండా. "వెళ్ళిపోతావేమోనని భయపడుతూనే చెప్పాను. నువ్వేమో ఆ మాట విని, అయిదు రోజులు తిరక్కుండా మా నాన్న ముందు కూర్చుని అబద్ధం ఆడావు."

"ఆయన అడిగినప్పుడు నువ్వు నా వైపు చూశావు."

"చూస్తే?"

"ఆ చూపుకి 'రాదు' అనలేకపోయాను."

"అయితే నా తప్పా?"

"కాదు, కాదు! నాదే. మర్నాడైనా చెప్పాల్సింది. రోజూ చెబుదామనే వచ్చేవాణ్ణి. రోజూ నువ్వు నవ్వేదానివి. నేను మళ్ళీ దద్దమ్మలా ఇంటికెళ్ళి ఉల్లిపాయలు తరుక్కునేవాణ్ణి."

ఆమె భుజం కొంచెం కదిలింది. ముఖం మాత్రం ఇంకా అటే.

"ఇంకా ఏమేం అబద్ధాలున్నాయి? అన్నీ ఇప్పుడే చెప్పు. తర్వాత దొరికితే ఊరుకోను."

"వేలికి లిఫ్టు తలుపు కాదు, కత్తి."

"తెలుసు. ఇంకా?"

"గోడకి సున్నం వెయ్యలేదు."

"నీ గది గోడలు ఎలా ఉన్నాయో నాకు తెలుసు. ఇంకా?"

కాస్త తటపటాయించాను. "పోయిన నెల కొత్త కళ్ళద్దాలు బాగున్నాయా అని అడిగావు..."

ఇటు తిరిగింది. "అదీ అబద్ధమేనా?"

"ఫ్రేము కొంచెం పెద్దది. ఆశ్చర్యపోయిన గుడ్లగూబలా..."

"గుడ్లగూబా!"

"ముద్దొచ్చే గుడ్లగూబ."

ముందు కళ్ళు నవ్వాయి. బుగ్గల్ని మాత్రం బలవంతంగా ఆపుకుంది.

"విను లిఫ్టూ. నాకింకా కోపం పోలేదు. రెండు మూడు రోజులు పోదు కూడా. కానీ ఒక్క మాట. నేను బాగుందా అని అడిగితే, బాగుంటేనే బాగుందను. నువ్వు అడిగినా నేనూ అంతే చెబుతాను. నొచ్చుకోకూడదు."

"నొచ్చుకుంటాను. కానీ పైకి చెప్పేస్తాను, నొచ్చుకున్నానని."

"అదీ నిజం" అంది. ఈసారి బుగ్గలు కూడా ఆగలేదు.

లోపలికి వెళ్ళేసరికి వాళ్ళ నాన్నగారు మాడిన మూకుడు నానబెట్టి, కొత్తది పొయ్యి మీద పెట్టి, మూడు ఉల్లిపాయలు తరిగే చెక్క మీద ఉంచారు.

"రానిది తప్పు కాదు" అన్నారు నాతో. "దాచావు, అది తప్పు. ఆ తప్పు సంగతి మా అమ్మాయి చూసుకుంటుంది. మాడినదాని సంగతి నాది. తరుగు. ఫోన్ ఆ బల్ల మీద పెట్టు."

తరిగాను. ఆయన నా పక్కన నిలబడ్డారు, కానీ ఒక్క మాట చెప్పలేదు. నేను ఆయన ముఖంలోకి చూసినప్పుడల్లా మూకుడు వైపు వేలు చూపించేవారు. చూపు అక్కడ పెట్టమని. రంగు మారుతోంది. వాసన మారుతోంది. చప్పుడు కూడా మారుతోంది, నీళ్ళ చప్పుడులోంచి నూనె చప్పుడులోకి. ఎవరూ చెప్పలేదు. నేనే మంట తగ్గించాను.

ఆయన తలాడించారు. అంతే. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఉల్లిపాయల మీదికి నెట్టేశాను.

చుక్కలు నెమ్మదిగా గుమ్మం దాటి లోపలికొచ్చి నా రెండో పక్కన నిలబడింది. ఆ ఇంటి వంటింట్లో ఆమె అలా నిలబడడం అదే మొదటిసారట. వాళ్ళ నాన్నగారు ఆమెని చూశారు, గుమ్మాన్ని చూశారు, చూడనట్టు ఊరుకున్నారు.

మధ్యాహ్నం భోజనం నాలుగింటికి తిన్నాం. బంగాళాదుంపల్ని ఎవరూ ముట్టుకోలేదు. కూరలో ఉప్పు నేనే చూశాను. కాస్త తక్కువైంది. అమ్మగారు "పర్లేదు, పర్లేదు" అంటుంటే చుక్కలు "తక్కువే" అంది.

నేను బయల్దేరేటప్పుడు వాళ్ళ నాన్నగారు గేటు దాకా వచ్చారు. వాన వెలిసింది.

"నీ మూకుడు పల్చనిది అయ్యుంటుంది" అన్నారు. "మందంది ఒకటి కావాలి. ఇద్దరూ కలిసి వెళ్ళి కొనుక్కోండి."

ఆ "ఇద్దరూ" అన్న మాట పట్టుకుని రోడ్డు మలుపు దాకా మామూలుగా నడిచి, అక్కడినుంచి పరిగెత్తాను.

పెళ్ళయి ఇవాళ్టికి నలభై రోజులు. మందపాటి మూకుడు ఉంది. ఆదివారాలు ఇద్దరం నత్తమ్మ వీడియో పెట్టుకుంటాం, కానీ ఆవిడ ఉప్పు ఆవిడది, మా ఉప్పు మాది. చుక్కలకి ఇప్పుడు టీ వచ్చు. మామయ్యగారు తాగి, కాసేపు ఆలోచించి, "వేడిగా ఉంది" అన్నారు. ఆమె ఆ రోజంతా గాల్లో తేలింది.

ఈ సాయంత్రం నా పని తొందరగా అయిపోయింది. బంగాళాదుంపలు, మిరియాలు వేసి సూప్ కాచాను. పొద్దుటినుంచీ బుర్రలో ఇదే. ఏడున్నరకి ఒకసారి వేడిచేశాను, ఎనిమిదికి ఇంకోసారి. ఎనిమిదింపావుకి మెట్ల మీద చెప్పుల చప్పుడు. తడిసిన గొడుగు మూలన పెట్టి, చేతులు కడుక్కుని, ఆ గుడ్లగూబ కళ్ళద్దాలు ఆవిరికి మసకబారితే తీసి పక్కన పెట్టి, మొదటి చెంచా నోట్లో పెట్టుకుంది.

నేను బల్లకి ఇవతల, ఊపిరి బిగబట్టి.

"బాగుందా?"

"ఉప్పు తక్కువ. మిరియాలు మరీ ఎక్కువ. దుంప సరిగ్గా ఉడకలేదు."

"మొత్తానికి?"

గిన్నె నా వైపు జరిపింది.

"ఇంకో గరిటె వెయ్యి."